మూడుసార్లు చెడిన కేకు... ఇంటర్వ్యూలో పనికొచ్చింది!

2020 మే నెల. బీటెక్ చివరి సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడో తెలీదు. క్యాంపస్‌లో వచ్చిన ఆఫర్ లెటర్ మెయిల్‌లో భద్రంగా ఉంది కానీ, జాయినింగ్ తేదీ మాత్రం వాయిదాల మీద వాయిదాలు. నరసరావుపేటలో మా వీధిలో ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: ‘ఏం అబ్బాయ్, ఇంకా పిలవలేదా?’ అడగనిది అమ్మ ఒక్కతే. నాకు అదే ఎక్కువ ఇబ్బందిగా ఉండేది.

ఆ నెలలోనే అమ్మ పుట్టినరోజు. మా వీధికి అడ్డంగా కర్రలు కట్టేశారు, బయటికెళ్లి కేకు తెచ్చే వీల్లేదు. ఇంట్లో ఓవెన్ లేదు. ఉన్నవల్లా బిస్కెట్ ప్యాకెట్లు, పాలు, పంచదార, ఈనో. ఇవి చాలని ఓ వీడియోలో చూశా. ఇంజినీర్‌ని కదా, ఇదెంత పని అనుకున్నా!

ఎక్కడ తేడా కొట్టింది?

మొదటిసారి: బిస్కెట్ పొడి, పాలు, ఈనో అన్నీ కలిపేసి, అప్పుడు గిన్నె కోసం వెతకడం మొదలుపెట్టా. నెయ్యి రాసి, బాండీ వేడెక్కేసరికి పావుగంట. కేకు బర్ఫీలా అణిగిపోయింది. కారణం ఇంటర్ కెమిస్ట్రీలోనే ఉంది. ఈనోలో సోడియం బైకార్బనేట్, సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. తడి తగలగానే రెండూ కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. కేకును పొంగించేది ఆ బుడగలే. నేను పొయ్యి వెలిగించే లోపే అవి కాస్తా పోయాయి.

రెండోసారి: ఈనో ఆఖర్న వేశా. పొంగింది. కానీ మంట ఎక్కువ పెట్టడంతో అడుగు మాడింది, లోపల పచ్చిగా ఉండిపోయింది.

మూడోసారి: విసుగొచ్చి మూడు మార్పులు ఒకేసారి చేశా. మంట తగ్గించా, పాలు పెంచా, ఈనో రెండు ప్యాకెట్లు వేశా. పొంగినట్టే పొంగి నడుమ కుంగిపోయింది. నోట్లో పెడితే సోడా రుచి. తప్పు పాలదా, ఈనోదా? తెలిసే దారే లేదు.

అప్పుడు పాత ల్యాబ్ రికార్డు వెనక పేజీలో మూడు ప్రయత్నాలూ రాసుకున్నా. రెండోసారి కొలతలే తీసుకుని, మంట ఒక్కటే తగ్గించా. నాలుగోది కుదిరింది. ‘కాస్త గట్టిగా ఉందిరా, అయినా బావుంది’ అని అమ్మ రెండో ముక్క తీసుకుంది.

మీరూ చేసి చూడండి

బిస్కెట్లు 200 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు ఓ కప్పు, పంచదార రెండు స్పూన్లు, ఫ్లేవర్ లేని ఈనో 5 గ్రాముల ప్యాకెట్ ఒకటి, గిన్నెకు రాయడానికి నెయ్యి. అంతే. మైదా, నూనె బిస్కెట్లలోనే ఉన్నాయి కాబట్టి విడిగా అక్కర్లేదు.

ముందుగా గిన్నెకు నెయ్యి రాసి పక్కన పెట్టుకోండి. మందపాటి పాత బాండీలో ఉప్పు పరిచి, మధ్యలో స్టాండు ఉంచి, మూతపెట్టి పది నిమిషాలు సన్నని సెగ మీద వేడిచేయండి. నాన్‌స్టిక్ బాండీ వద్దు, అది ఖాళీగా వేడెక్కితే పాడవుతుంది. బిస్కెట్లు, పంచదార మెత్తగా పొడికొట్టి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ దోశ పిండిలా జారుగా కలపండి. ఈనో ఆఖర్న వేసి, ఒకసారి తిప్పి, వెంటనే గిన్నెలో పోసి బాండీలో పెట్టేయండి. మొదటి 20 నిమిషాలు మూత తీయొద్దు. అరగంట దాటాక చాకు గుచ్చి చూడండి. పిండి అంటకుండా వస్తే దించేసి, పూర్తిగా చల్లారాకే గిన్నె బోర్లించండి.

ఇంటర్వ్యూకి ఏం సంబంధం?

ఆ మొదటి ఆఫర్ చివరికి రద్దయింది. 2021లో మరో కంపెనీ ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో ‘మీరు విఫలమైన సందర్భం చెప్పండి’ అన్నారు. అంతకుముందు చాలాచోట్ల బట్టీపట్టిన జవాబు చెప్పి మధ్యలో తడబడ్డా. ఈసారి కేకు సంగతి చెప్పా. నిజంగా జరిగింది కాబట్టి నాకొచ్చిన ఇంగ్లిష్‌లోనే తడుముకోకుండా వచ్చేసింది. ‘మూడోసారి తప్పెక్కడో తెలిసిందా?’ అని అడిగారు. ‘తెలీదు సర్, మూడూ ఒకేసారి మార్చేశా. అందుకే మళ్లీ రెండోదాని దగ్గరికెళ్లి, ఒక్కటే మార్చా’ అన్నా. అక్కణ్నుంచి మాటలు నా ప్రాజెక్టులోని బగ్స్ మీదికి మళ్లాయి.

ఉద్యోగం కేకు వల్లే వచ్చిందని చెప్పను. కోడింగ్ రౌండ్ గట్టెక్కాకే ఆ ప్రశ్న దాకా వెళ్లా. కానీ హెచ్‌ఆర్ రౌండ్‌కి చాలామంది చెప్పే ‘స్టార్’ పద్ధతి అంటే ఇదే: సందర్భం, మీ బాధ్యత, మీరు చేసిన పని, ఫలితం. అన్నింటికన్నా ‘మీరు చేసిన పని’ దగ్గరే ఎక్కువసేపు ఆగండి. ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదే వాళ్లు వినాలనుకుంటారు.

మీకు కేకే అక్కర్లేదు. ఆగిపోయిన మినీ ప్రాజెక్టు, పనిచేయని సర్క్యూట్, ఫెస్టులో తప్పిన లెక్క... ఏదైనా సరే. ఓ కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఏం చేశాను, ఏమైంది, తర్వాత ఏ ఒక్కటి మార్చాను. మూడో గడి ఖాళీగా ఉంటే, ఇంటర్వ్యూకి ముందు చేయాల్సిన పని అక్కడే ఉంది.