బొమ్మరింట పలికిన బొమ్మలు
కలాపూర్ణోదయ కథా వైచిత్రి

బొమ్మరింటికి ఒక నియమమున్నది. ఇల్లు కట్టేవారు ఒకరు, ఆ ఇంట మెదిలే బొమ్మలు వేరొకరు. ఏ బొమ్మ ఎక్కడ కూర్చుండవలెనో, ఎవరికి ఎవరితో పెండ్లి జరుగవలెనో నిర్ణయించేది ఆటాడే పిల్లలే. బొమ్మకు మాట లేదు, జ్ఞాపకం లేదు. ఆట ముగిసిన తరువాత తనను ఎవరు ఆడించినారని అది అడుగదు. వేసవిలో ఎండిన కుందూనది ఇసుకలోనైనా, కడప సీమలోని పెన్న ఒడ్డుననైనా పిల్లలు కట్టే ఇసుక గూళ్లకు ఈ నియమమే వర్తిస్తుంది.

ఈ నియమాన్ని తలక్రిందులు చేసిన కథ ఒకటి ఆ కుందూ తీరానే పుట్టినది. దానిలో బొమ్మలు పలికినవి, పూర్వజన్మను తలచుకొన్నవి, తమ కథను తామే చెప్పినవి. ఆ కథ పింగళి సూరన రచించిన కలాపూర్ణోదయం.

సూరన 16వ శతాబ్దికి చెందిన కవి. అమరనార్యుడు, అబ్బమాంబ అతని తల్లిదండ్రులు. ఒకే పద్యంలో రామాయణ భారతార్థాలను రెండింటిని ఇమిడ్చిన రాఘవపాండవీయంతో అతని ప్రజ్ఞ లోకానికి వెల్లడి అయినది. ఆ తరువాతి కావ్యమైన కలాపూర్ణోదయాన్ని నంద్యాల ప్రభువైన కృష్ణమరాజుకు అంకితమిచ్చినాడు. 2022 వరకు కర్నూలు జిల్లాలో ఉండి, ఆ ఏట తానే ఒక జిల్లాకు కేంద్రమైన నంద్యాల పట్టణమే ఆనాటి ఆ ప్రభువుల రాజధాని. పురాణం నుండి ఒక కథను గ్రహించి పెంచి వ్రాయడం ప్రబంధకవులకు పరిపాటి. సూరన ఆ దారి విడిచినాడు. ఎనిమిది ఆశ్వాసాల కథను తానే కల్పించినాడు. కృష్ణుడు, నారదుడు, రంభ, నలకూబరుడు వంటి పేర్లు పురాణాలవే కాని, వారు నడిచే త్రోవ మాత్రం సూరన వేసినదే.

కథకు మూలం ఒక వినోద సమయం. బ్రహ్మ సరస్వతికి ప్రొద్దుపోక కోసం ఒక కథ చెప్పినాడు. ఆ కథలోని మనుష్యులు ఎక్కడివారో కారు. ఆ సమయాన ఆ దంపతుల నడుమ మెరసిన నవ్వులు, పలుకులు, ముఖచ్ఛాయలే రాజులుగా, రాణులుగా, ప్రేమికులుగా రూపుదాల్చినవి. నిండు చంద్రుని పోలిన ముఖచ్ఛాయ కలాపూర్ణుడయినది. వెన్నెల వంటి నవ్వు అభినవకౌముది అయినది. ఇంతవరకు ఇది భార్యాభర్తల ముచ్చటకోసం కట్టిన బొమ్మరిల్లే. అయితే చెప్పినవాడు బ్రహ్మ. అతని మాట అబద్ధం కారాదు. కనుక ఆ కథ భూమిమీద జరిగి తీరవలసినదే. ఆటబొమ్మలకు ఆకలిదప్పులు, ఆశనిరాశలు, చావుపుట్టుకలు వచ్చి చేరినవి. సూరన పాత్రల కష్టసుఖాలన్నీ ఇక్కడనే మొదలవుతవి.

ఆ పాత్రలలో సుగాత్రి కథ ప్రత్యేకంగా చదువదగినది. ఆమె కాశ్మీర దేశపు శారదాపీఠంలోని అర్చకుని కుమార్తె. భర్త శాలీనుడు. తల్లి ఆమెకు పట్టుచీర కట్టి, నగలు పెట్టి, పూలు ముడిచి భర్త వద్దకు పంపింది. అతడు కన్నెత్తి చూడలేదు. మరునాడు మరింత అలంకారం, ఫలితం లేదు. కారణం ఎవరికీ బోధపడలేదు. తరువాత ఒకనాడు ఆమె నగలన్నీ తీసివేసి, చీర బిగించి కట్టి, తోటలో పనిచేస్తున్న భర్తకు చేదోడుగా నిలిచింది. మట్టి అంటిన చేతులతో, చెమట పట్టిన ముఖంతో ఉన్న ఆమెను చూడగానే అతని మనస్సు కరిగినది. నఖశిఖ పర్యంతం నాయికను అలంకరించి వర్ణించే ప్రబంధయుగంలో ఈ ఘట్టం కడు సాహసమైనది. అలంకరించి కూర్చుండబెట్టిన స్త్రీ బొమ్మ. పనిచేస్తున్న స్త్రీ మనిషి. శాలీనుడు ప్రేమించినది మనిషిని. నీటిబొట్టుకు, చెమటబొట్టుకు విలువ తెలిసిన రాయలసీమ పాఠకునికి ఈ ఘట్టాన్ని వేరుగా వివరింప పనిలేదు.

ఆ సుగాత్రియే భర్త దూరమైన పిమ్మట, సుముఖాసత్తి అనే పేరుతో, ముదిమి పైబడిన ఒంటరి స్త్రీగా మరల కనబడుతుంది. జనపదాలకు దూరంగా, సింహవాహన అయిన మృగేంద్రవాహనాదేవి ఆలయంలో ఆమె నివాసం. ఆ ఆలయానికే మణిస్తంభుడనే సిద్ధుడు కలభాషిణి అనే యువతిని బలియీయ తలచి సింహంమీద తెచ్చినాడు. ఏకాంతవాసిని అయిన వృద్ధ, కత్తియెత్తిన సిద్ధుడు, మహిమగల గుడి: ఈ మూడూ చాలును, సామాన్య కథకుడు భయానక కథ ఒకటి వ్రాసి ముగింపవచ్చును. సూరన అట్లు చేయలేదు. ఆ సిద్ధుడు ఎవరు, ఆ వృద్ధ ఎవరు అని ప్రశ్నించి, వారిద్దరే వెనుకటి శాలీనుడు, సుగాత్రి అని ఆశ్వాసాల తరువాత తేల్చినాడు. భయమనుకొన్నది వియోగమని, అద్భుతమనుకొన్నది నిరీక్షణమని పాఠకునికి అప్పుడు తెలియవచ్చును.

ఇంతకంటె విచిత్రమైనది మధురలాలస వృత్తాంతం. ఆమె ఇంకా మాటలు రాని పసికందు. కలాపూర్ణ మహారాజు కొలువులో ఆమెకు ఒక దివ్యమణి తగిలింది. వెంటనే ఆ శిశువు నిండుసభలో పెద్దవారివలె మాటలాడసాగింది. తాను పూర్వం ద్వారకలో కలభాషిణినని, ఇప్పుడు సింహాసనమెక్కి కూర్చున్న రాజు ఆనాటి మణికంధరుడని వివరించింది. రాజుకు తన గతం తెలియదు. ఒడిలోని శిశువుకు తెలుసును. పెద్దలు బొమ్మలై చూస్తుండగా బొమ్మ వంటి పాప పలికింది.

ఇటువంటి కథనాన్ని నేటి విమర్శకులు మాంత్రిక వాస్తవికత అంటున్నారు. ఆ పేరు 1925లో ఫ్రాంజ్ రో అనే జర్మన్ విమర్శకుడు చిత్రకళను గురించి వాడినది. 1967లో వెలువడిన గార్షియా మార్క్వెజ్ నవల ‘నూరేళ్ల ఏకాంతం’తో అది సాహిత్యలోకంలో ఇంటింటి మాట అయినది. స్పెయిన్ దేశంలో సెర్వాంటిస్ 1615లో వెలువరించిన ‘డాన్ క్విహోటే’ రెండవ భాగంలో పాత్రలు తమను గురించి వ్రాసిన పుస్తకాన్ని తామే ప్రస్తావిస్తవి. పాత్రలు తమ కథను తాము వినే చమత్కారం అంతకు ముందే నంద్యాలలో జరిగినది. ఇది పాశ్చాత్యులను తక్కువ చేయడానికి చెప్పే మాట కాదు. సూరన పద్ధతి వేరు. మార్క్వెజ్ లోకంలో అద్భుతానికి సంజాయిషీ ఉండదు. సూరన లోకంలో ప్రతి అద్భుతానికి లెక్క ఉన్నది. ఒక ఆశ్వాసంలో వేసిన ముడి మరొక ఆశ్వాసంలో విడుతుంది; విడని ముడి లేదు.

ఈ నేర్పును మొదట శాస్త్రీయంగా పరిశీలించినవారిలో కట్టమంచి రామలింగారెడ్డి అగ్రగణ్యుడు. 1914లో వెలువడిన ఆయన కవిత్వతత్త్వవిచారం ఈ కావ్యాన్ని ఆధారంగా చేసికొనియే తెలుగు విమర్శకు క్రొత్తదారి చూపినది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీనిని ఆంగ్లంలోకి అనువదించి, నవలాలక్షణాలు గల రచనగా ప్రపంచ పాఠకుల ఎదుట నిలిపినారు.

ఆక్షేపణలు లేకపోలేదు. కథ మిక్కిలి చిక్కువడినదని, పేర్లు గుర్తుంచుకొనలేమని విద్యార్థులు అంటారు. అది నిజమే. మరొక ఆక్షేపణ ఇంకా గట్టిది. 1879లో ఇబ్సెన్ వ్రాసిన ‘బొమ్మరిల్లు’ నాటకంలో నోరా తలుపు తెరచుకొని వెళ్లిపోయినది. సూరన నాయిక ఎక్కడికీ వెళ్లలేదు. మధురలాలస పెరిగి కలాపూర్ణునికే రెండవ రాణి అయినది. సూరన కాలపు హద్దు అది. దానిని దాచిపెట్టనవసరం లేదు. అయినా నోరా ఇల్లు విడిచి చాటిన సత్యాన్ని, ఆ పసిపాప సభ నడుమ నోరువిప్పి చాటింది: నా కథ నాకు తెలుసును, చెప్పవలసినది నేను.

పాఠశాలలలో ఈ కావ్యం ఒక్క వాక్యంగా మిగిలినది. కలాపూర్ణోదయ కర్త ఎవరు? పింగళి సూరన. ఒక మార్కు. ఆ మార్కు సంపాదించిన విద్యార్థికి సుగాత్రి చేతి మట్టి తెలియదు, మధురలాలస మాట వినబడదు. విచిత్రకథలు సముద్రాల ఆవలినుండియే వచ్చునని అతడు నమ్మితే ఆ తప్పు అతనిది కాదు.

పరిహారం కష్టమైనది కాదు. ఉపాధ్యాయుడు కథ మొత్తం చెప్పవలసిన పని లేదు. శాలీనుని తోట ఒకనాడు, మాటలాడిన శిశువు వేరొకనాడు చెప్పినా చాలును. ఆపై నల్లబల్లమీద రెండు ప్రశ్నలు వ్రాయవచ్చును: ఈ కథ ఎవరు చెప్పినారు? ఎవరిని గురించి చెప్పినారు? రెండింటికి ఒకే సమాధానం వచ్చిన చోట పిల్లలే ఆశ్చర్యపడుదురు. కర్త పేరు అటుపిమ్మట వారే అడుగుదురు.