జ్వరము నడచు లెక్క

పశ్చిమ బెంగాలు రాష్ట్రమునందలి ఖరగ్‌పూరు రైల్వే పట్టణములో న్యూ సెటిల్‌మెంట్ అను కాలనీ కలదు. పంతొమ్మిదవ శతాబ్దము చివర బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఈ పట్టణమును రైలు కూడలిగా చేసిరి. పిమ్మట ఇచట పెద్ద కర్మాగారము వెలసినది. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల నుండి తెలుగు కుటుంబములు పని కొరకు తరలి వచ్చి ఈ పట్టణమున స్థిరపడినవి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడ ఈ రాకపోకలు సాగుచునే ఉన్నవి. రైల్వే క్వార్టర్లు వరుసలుగా కట్టబడినవి. ఒకరి వాకిటి యెదుట మరియొకరి వాకిలి ఉండును. మంచియైనను చెడుయైనను ఇచట ఒక్క ఇంటితో ఆగిపోదు.

వానకాలము తగ్గుముఖము పట్టు వేళ పశ్చిమ బెంగాలునందు డెంగీ జ్వరము తరచుగా తలయెత్తుచున్నది. అట్టి సమయమున ఇటువంటి కాలనీలో ఎవరికైనను ఒక సందేహము కలుగుట సహజము. మన ఇంటి తొట్టిని మనము కడిగితిమి, పొరుగువారు కడుగలేదు. వారి ఇంట పుట్టిన దోమ మన ఇంటికి రాక మానదు. అట్లయినప్పుడు మన శ్రమకు ఫలమేమి? ఈ ప్రశ్నకు సగము సమాధానము వైద్యశాస్త్రమునందున్నది. తక్కిన సగము లెక్కలో ఉన్నది. ఆ లెక్కను చేయు శాస్త్రమునకే సంకీర్ణ వ్యవస్థల శాస్త్రమని పేరు.

సంకీర్ణ వ్యవస్థ యననేమి?

గడియారమున చక్రములు ఎన్ని ఉన్నను దానిని విప్పి చూచినచో దాని నడక తెలియును. ఏ చక్రము దేనిని త్రిప్పునో నిర్ణయింపబడియే ఉన్నది. చీమల బారు అట్టిది కాదు. ఒక్క చీమను పట్టుకొని ఎంత పరీక్షించినను బారు ఏ దారిని పోవునో తెలియదు. ఒక చీమ విడిచిన వాసనను బట్టి మరియొక చీమ నడచును. దాని జాడను బట్టి ఇంకొకటి నడచును. ఈ పరస్పర సంబంధముల నుండియే బారు ఏర్పడుచున్నది. భాగములను విడివిడిగా చూచినంత మాత్రమున తెలియని గుణములు మొత్తమునందు కనిపించునట్టి అమరికయే సంకీర్ణ వ్యవస్థ.

అంటువ్యాధి కూడ అట్టిదే. ఒక రోగి శరీరములో డెంగీ ఏమి చేయునో వైద్యుడు చెప్పగలడు. కాని ఈ ఏడు వీధిలో పదిమందికి వచ్చి ఆగిపోవునా, లేక వందలమందికి ప్రాకునా అనునది ఒక్క రోగిని చూచి చెప్పుట సాధ్యము కాదు. అది మనుష్యులు, దోమలు, నీరు, వాన, రాకపోకలు అను వాని కలయికను బట్టి ఉండును.

సికిందరాబాదున మొదలైన విచారణ

ఈ లెక్కకు మూలపురుషులలో ఒకరు తెలుగునాట పనిచేసిన సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు బేగంపేటలో ఆయన ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు మలేరియా క్రిమిని గుర్తించెను. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షులకు వచ్చు మలేరియాపై ప్రయోగములు చేసి, దోమకాటు వలననే ఆ క్రిమి వ్యాపించునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను.

దోమ వలన మలేరియా వచ్చునని తేలిన పిమ్మట పెద్ద ఆక్షేపణ బయలుదేరినది. లోకములోని దోమల నన్నింటిని చంపుట ఎవరి తరము? ఒక్క దోమ మిగిలినను వ్యాధి మిగులును గదా! రాస్ ఈ ఆక్షేపణకు లెక్కతో సమాధానము చెప్పెను. 1908లో మారిషస్ ద్వీపమును గూర్చి వ్రాసిన నివేదికలోను, తరువాతి గ్రంథములోను ఆయన చూపిన దేమనగా, దోమల నన్నింటిని చంపనక్కరలేదు. మనుష్యుల సంఖ్యకు దోమల సంఖ్య ఇంత అని ఒక హద్దు కలదు. దోమలు ఆ హద్దునకు దిగువకు వచ్చినచో, కొన్ని మిగిలియున్నను, వ్యాధి తనంతట తాను క్షీణించును.

ఈ హద్దు యొక్క మహిమ చిన్న ఉదాహరణ వలన తెలియగలదు. ఒక ప్రాంతమున నూరుమంది రోగులున్నారనుకొందము. ఒక్కొక్క రోగి నుండి దోమల ద్వారా సగటున 1.2 మందికి వ్యాధి సోకుచున్నదనుకొందము. అనగా పదిమంది నుండి పండ్రెండుమందికి. రెండవ విడతలో 120 మంది, మూడవ విడతలో 144 మంది అగుదురు. పది విడతలు గడచునప్పటికి ఒక్క విడతలోనే సుమారు 619 మంది కొత్త రోగులు ఏర్పడుదురు. ఇప్పుడు దోమలను మూడింట ఒక వంతు మాత్రము తగ్గించినచో 1.2 అను అంకె 0.8 అగును. నూరుమంది తరువాత 80 మంది, పిమ్మట 64 మంది, పది విడతల అనంతరము 11 మంది మాత్రమే. చేసిన ప్రయత్నము మూడవ వంతు. ఫలితమున కలిగిన భేదము యాబది రెట్లకు మించినది. హద్దు ఒకటి. దానికి ఎగువనున్నది వృద్ధి, దిగువనున్నది క్షయము.

1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అను ఇరువురు ఈ హద్దు సిద్ధాంతమును ఇతర అంటువ్యాధులకు కూడ వర్తింపజేసిరి. వీరిలో మెకెండ్రిక్ భారతీయ వైద్య సర్వీసునందు పనిచేసినవాడు. తమ సూత్రమునకు నిదర్శనముగా వారు తీసికొన్నవి 1905-06లో బొంబాయి నగరమున ప్లేగు వలన కలిగిన మరణముల అంకెలు.

రెండు కాట్ల నడుమ

1950 దశకములో జార్జి మెక్‌డోనాల్డు అను శాస్త్రజ్ఞుడు రాస్ లెక్కను ఇంకను సూక్ష్మముగా చేసెను. దోమ ఒక్కసారి కుట్టినంత మాత్రమున వ్యాధి వ్యాపించదు. మొదట రోగిని కుట్టి క్రిమిని గ్రహింపవలెను. అది లోపల పెరుగువరకు బ్రతికియుండవలెను. ఆ పిదప ఆరోగ్యవంతుని కుట్టవలెను. డెంగీ విషయమున ఈ మధ్యకాలము సుమారు 8 నుండి 12 దినములు. దోమ ఆయువు స్వల్పము. దినమునకు నూటికి 90 దోమలు బ్రతుకునట్టి చోట పది దినముల తరువాత మిగులునవి 35. దినమునకు 80 మాత్రమే బ్రతుకునట్టి చోట మిగులునవి 11. దినసరి భేదము స్వల్పముగా కనిపించును. పది దినములలో ప్రమాదకరమైన దోమల సంఖ్య మూడవ వంతునకు తగ్గిపోవును.

భారతదేశము ఈ తర్కమును అనుసరించి పెద్ద ప్రయత్నము చేసినది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము మొదలైనది. అంతకు పూర్వము ఏటా సుమారు 7 కోట్ల 50 లక్షలమందికి మలేరియా వచ్చుచుండెననియు, 8 లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లుట వలన 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు లక్షకు దిగినది. కాని దోమలు మందునకు అలవాటుపడినవి. జాగ్రత్త సడలినది. 1976లో 64 లక్షలకు పైగా కేసులు నమోదైనవి. సంకీర్ణ వ్యవస్థ యొక్క మరియొక లక్షణము ఇచట స్పష్టమగుచున్నది. మనము చేయు పనికి అది ఊరక లోబడదు, తానును మారును. కావున హద్దును ఒక్కసారి దాటించినంత మాత్రమున పని ముగియదు. దిగువనే నిలిపియుంచవలెను.

రైలు మార్గములు, దగ్గరైన దూరములు

దోమ దూరము ఎగురదు. డెంగీ దోమ సాధారణముగా పుట్టిన ఇంటికి నూరు, రెండువందల మీటర్ల లోపలనే తిరుగును. అట్లయినచో వ్యాధి ఊరి నుండి ఊరికి ఎట్లు చేరుచున్నది? దోమ మోయలేని దూరమును మనుష్యుడు మోయుచున్నాడు. 1918లో బొంబాయి రేవున దిగిన ఇన్‌ఫ్లుయెంజా రైలు మార్గముల వెంట దేశమంతట వ్యాపించినది.

2003లో కలకత్తా శాస్త్రజ్ఞులు కొందరు భారతీయ రైలు మార్గములనే సంకీర్ణ వ్యవస్థగా భావించి పరిశీలించిరి. స్టేషన్లను ముడులుగాను, ఒకే రైలు ఆగు రెండు స్టేషన్ల నడుమ సంబంధమును దారముగాను తీసికొనిరి. దేశము ఎంత విశాలమైనను, ఏ స్టేషను నుండి ఏ స్టేషనుకైనను కొలది రైళ్లు మారినంతనే చేరవచ్చునని వారి పరిశోధన తెల్పినది. ఇట్టి అల్లికను శాస్త్రజ్ఞులు చిన్న ప్రపంచము అందురు. ఖరగ్‌పూరు పట్టణముననే, హిజ్లీలో 1951లో వెలసిన ఐ.ఐ.టి. పరిశోధకులును తరువాత ఈ రైలు అల్లికను పరిశీలించిరి. ఖరగ్‌పూరు వంటి కూడలి నుండి వ్యాధికి దూరపు ఊళ్లు దూరముగా ఉండవు. విజయనగరములో బంధువుల ఇంట పెండ్లికి పోయి వచ్చిన వ్యక్తి, తనకు తెలియకయే వ్యాధిని వందల మైళ్లు తేగలడు. ప్రయాణము మానుట పరిహారము కాదు. తిరిగి వచ్చిన రెండు వారములలో జ్వరము తగిలినచో వెంటనే ఆసుపత్రిలో చూపించుకొని, ఎచటికి పోయి వచ్చినదియు వైద్యునకు చెప్పుట ముఖ్యము.

కంప్యూటరులోని పట్టణము

రాస్ కాగితముపై చేసిన లెక్కను నేడు కంప్యూటరు చేయుచున్నది. పట్టణమునందలి ఇండ్లు, మనుష్యులు, పాఠశాలలు, కార్యాలయములు, అన్నియు అంకెల రూపమున అందు ఉంచబడును. కల్పితులైన ఆ మనుష్యులు ఉదయమున పనికి పోవుదురు, సాయంకాలమున ఇంటికి మరలుదురు, ఒకరి నుండి ఒకరు వ్యాధిని పొందుదురు. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినప్పుడు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయు, ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థయు కలిసి ఆ రెండు నగరములకు ఇట్టి నమూనాలను నిర్మించిరి. ముంబయి లోకల్ రైళ్ల రద్దీని కూడ అందు చేర్చిరి. నిజమైన నగరమున చేయరాని ప్రయోగమును నమూనాలో వేయిసార్లు చేసి చూడవచ్చును. పాఠశాల మూసిన ఏమగును, తెరచిన ఏమగును అని ముందుగా విచారింపవచ్చును.

అయినను నమూనా జోస్యము కాదు. 2020లో హైదరాబాదు ఐ.ఐ.టి. ఆచార్యులు మాతుకుమల్లి విద్యాసాగర్ అధ్యక్షతన ప్రభుత్వము నియమించిన శాస్త్రజ్ఞుల సంఘము, జాగ్రత్తలు కొనసాగినచో 2021 ఫిబ్రవరి నాటికి వ్యాధి చాలవరకు అణగునని అక్టోబరులో అంచనా వేసినది. 2021 ఏప్రిల్, మే నెలలలో రెండవ విజృంభణము వచ్చి, దినమునకు నాలుగు లక్షలకు పైగా కేసులు నమోదైనవి. క్రిమి రూపము మారినది. జనుల నడవడి మారినది. నమూనాలో పెట్టిన అంకెలు మాత్రము వెనుకటివి. వాతావరణ సూచన తప్పినదని గొడుగును పారవేయువారు లేరు. అట్లే నమూనా తప్పినదని లెక్కను విడువరాదు; అంకెలను ఎప్పటికప్పుడు సరిదిద్దవలెను. ఆ అంకెలు పుట్టునది ఆసుపత్రి రిజిస్టరులోను, ఆరోగ్య కార్యకర్త ఇంటింట అడిగి వ్రాసికొను పుస్తకములోను. జ్వరమును దాచిన ఇల్లు తనను మాత్రమే కాదు, లెక్కను కూడ మోసగించుచున్నది.

ఇంట చేయదగిన పనులు

డెంగీ దోమ నిలువయున్న మంచినీటిలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమగా మారుటకు సుమారు వారము, పది దినములు పట్టును. అందువలననే వారమునకు ఒక దినమును నియమించుకొని తొట్టెలు, డ్రమ్ములు, కూలర్లు, పూలకుండీల క్రింది పళ్లెములు ఖాళీ చేయవలెను. నీరు పారబోసినంత చాలదు. గ్రుడ్లు అంచులకు అంటుకొని ఎండినను నెలల తరబడి బ్రతుకును. కావున లోపలి అంచులను గట్టిగా తోమి కడిగి ఆరబెట్టవలెను. నిలువ నీటిపై బిగుతైన మూత ఉండవలెను. పాత టైర్లు, పగిలిన కుండలు, కొబ్బరి చిప్పలు వాకిట ఉంచరాదు.

ఈ దోమ పగటివేళ కుట్టును. జ్వరము వచ్చిన మొదటి దినములలో రోగి పగలు కూడ దోమతెరలో ఉండవలెను. ఇది రోగి కొరకు కాదు, ఇరుగుపొరుగుల కొరకు. దోమ రోగిని కుట్టనిచో గొలుసు అచటనే తెగును.

జ్వరమునకు వైద్యుని సలహాపై పారాసిటమాల్ వాడవచ్చును. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడరాదు. అవి రక్తస్రావమును హెచ్చించును. నీరు, గంజి, మజ్జిగ, కొబ్బరినీరు ఎక్కువగా ఇవ్వవలెను. జ్వరము తగ్గిన వెంటనే ప్రమాదము తొలగినదని తలపరాదు. ఆ సమయముననే తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని రక్తము, మగత, ఆయాసము కనిపించినచో క్షణము ఆలసింపక ఆసుపత్రికి చేర్చవలెను.

పొరుగువారు కడుగనిచో మన శ్రమకు ఫలమేమి అను సందేహమునకు సమాధానము ఇప్పుడు స్పష్టము. వీధియంతయు కడుగనక్కరలేదు; హద్దు దాటుటకు చాలినన్ని ఇండ్లు కడిగినచో కడుగని ఇంటికి కూడ రక్షణ కలుగును. ఆ చాలినన్ని ఇండ్లలో చివరిది ఏది యగునో ముందుగా ఎవరికిని తెలియదు. ప్రతి ఇల్లును తానే ఆ ఇల్లని తలచి నడుచుకొనుట మంచిది.