పిడుగుల వేళ బడి గంట ఎప్పుడు కొట్టాలి?

భిలాయ్‌లోని స్మృతి నగర్ నుంచి రాజనాందగావ్ వైపు బయలుదేరితే గంటలోపే జోరాతరాయి అనే పల్లె వస్తుంది. 2024 సెప్టెంబర్ 23న అక్కడ పిడుగు పడి ఎనిమిది మంది చనిపోయారు. వారిలో పరీక్ష రాసి ఇళ్లకు తిరిగి వెళ్తున్న విద్యార్థులు ఉన్నారు. వాన రావడంతో దారిలో తలదాచుకోవడానికి ఆగారు. ఎవరైనా అదే చేస్తారు. కానీ వాన నుంచి కాపాడే చోటు పిడుగు నుంచి కూడా కాపాడాలని లేదు.

బడుల్లో విపత్తు సన్నద్ధత అనగానే భూకంపం, అగ్నిప్రమాదం, తుపాను గుర్తొస్తాయి. పిల్లలు బల్లల కింద దూరే మాక్‌డ్రిల్ ఫొటోలు కూడా. ఛత్తీస్‌గఢ్ లాంటి చోట్ల అంతకంటే ముందు ఆలోచించాల్సింది పిడుగు గురించి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది బలయ్యారు. ఆ ఏడాది ప్రకృతి వైపరీత్యాల మరణాల్లో ఇది మూడో వంతు కంటే ఎక్కువ.

ఉదయం నుంచి ఎండకు నేల వేడెక్కుతుంది. దాన్ని ఆనుకున్న తేమ గాలి తేలికై పైకి లేస్తుంది. మధ్యాహ్నం దాటేసరికి అది కొన్ని కిలోమీటర్ల ఎత్తున్న మేఘంగా ఎదుగుతుంది. లోపల మంచు స్ఫటికాలు, మెత్తని వడగళ్లు రాసుకుని విద్యుదావేశాలు విడిపోతాయి. అందుకే పిడుగులు ఎక్కువగా మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు పడతాయి. మన బడులు వదిలే సమయం కూడా సరిగ్గా అదే.

చెట్టు కింద నిలబడితే ఏమవుతుంది? పిడుగులో ప్రవాహం సుమారు 30,000 ఆంపియర్లు ఉంటుంది. చెట్టు కాండం కంటే మనిషి శరీరం మెరుగైన విద్యుత్ వాహకం. కాబట్టి కాండంలో దిగుతున్న విద్యుత్తు మధ్యలో పక్కనున్న మనిషి మీదికి దూకగలదు. అలా దూకకపోయినా నేలలోకి చేరి చుట్టూ వ్యాపిస్తుంది. అప్పుడు రెండు పాదాల మధ్య వోల్టేజి తేడా ఏర్పడి, ఒక కాలి నుంచి ఎక్కి రెండో కాలి నుంచి దిగుతుంది. ఒకే పిడుగుకు గుంపులో చాలామంది పడిపోవడానికి ఇదొక కారణం. గోడలు లేని రేకుల షెడ్డు, బస్ షెల్టర్ కూడా నమ్మదగినవి కావు. పక్కా భవనం, లేదా తలుపులు, అద్దాలు మూసిన లోహపు పైకప్పున్న బస్సు నయం. బస్సులో కాపాడేది రబ్బరు టైర్లని చాలామంది అనుకుంటారు. నిజానికి కాపాడేది లోహపు కవచం. విద్యుత్తు దాని బయటి నుంచే నేలకు దిగిపోతుంది.

ఇక జిల్లా విద్యాశాఖ చేయగలిగిందేమిటి? నా ఉద్దేశంలో అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే ముఖ్యమైన పని, బడి వదిలే గంటను ఆపే అధికారం ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా ఇవ్వడం. ఉరుములు వినిపిస్తున్నప్పుడు పిల్లల్ని పంపకూడదు. బడి దాటి సమయమైందని, బస్సు పోతుందని, తల్లిదండ్రులు కోప్పడతారని ఎవరూ భయపడే పని ఉండకూడదు. పరీక్షల రోజుల్లో ఇది మరీ అవసరం, ఎందుకంటే పేపర్ అయిపోగానే పిల్లలంతా ఒక్కసారిగా రోడ్డు మీదికి వస్తారు. ఆలస్యమైతే ఇళ్లకు ఫోన్‌లో సందేశం వెళ్లాలి. ఈ సంగతి జూన్‌లోనే తల్లిదండ్రుల సమావేశంలో చెప్పుకుంటే సరిపోతుంది.

సమాచారానికి కొదవ లేదు. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ రూపొందించిన 'దామిని' యాప్ మనమున్న చోటికి 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పడే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో సహా హెచ్చరికలు పంపుతోంది. అయితే హెచ్చరిక ఒక టీచర్ ఫోన్‌లో ఉండిపోతే, ఆయన సెలవు పెట్టిన రోజు దాన్ని చూసేవారుండరు. కనీసం ఇద్దరికి ఆ బాధ్యత అప్పగించాలి.

భవనం మీద పిడుగు నిరోధక కడ్డీ ఉండాలి, దాని తీగ నేలలో సరిగ్గా ఎర్త్ అయిందో లేదో ఏటా వానాకాలానికి ముందు పరీక్షించాలి. అయినా ఆ కడ్డీ భవనాన్నే కాపాడుతుంది. పొలం గట్టు మీద సైకిల్ తొక్కుతున్న పిల్లవాడిని కాదు.

ఫోన్ లేని పిల్లలకూ ఒక లెక్క ఉంది. ఉరుమగానే మన ఇళ్లల్లో 'అర్జునా ఫల్గుణా' అనుకోవడం అలవాటు. ఆ అలవాటును కాస్త ముందుకు జరిపి, మెరుపు కనబడగానే సెకన్లు లెక్కపెట్టడం నేర్పవచ్చు. ధ్వని ఒక కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ముప్పై లోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే పడింది, వెంటనే పక్కా భవనంలోకి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి అప్పుడే బయటికి రావాలి. ఈలోపు మరొకటి వినిపిస్తే గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలు.

పిడుగు తగిలినవారిని ముట్టుకుంటే షాక్ కొడుతుందనే భయంతో దగ్గరికి వెళ్లనివారున్నారు. శరీరంలో విద్యుత్తు నిల్వ ఉండదు. గుండె ఆగితే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టి 108కి ఫోన్ చేయాలి. ప్రతి బడిలో ఇద్దరు ముగ్గురు టీచర్లకు ఈ శిక్షణ ఒక్క పూటలో ఇవ్వవచ్చు.