రేసు కారు గేరుబాక్సు విప్పితే ఏం చూస్తారు?

మన కుటుంబాల్లో మెకానిక్ పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. చిన్నప్పుడే ఉస్తాద్ దగ్గర చేరి, పానాలు అందిస్తూ పని నేర్చుకున్నవాళ్లు ఎందరో. మామూలు కారు గేరుబాక్సు వాళ్లకు కొట్టిన పిండి. మరి రేసు కారుది? సూత్రం అదే, కానీ అక్కడ చిన్న తప్పు కూడా డ్రైవర్ ప్రాణం మీదికి వస్తుంది.

ఈ పనిలో పేరున్న కంపెనీ హ్యూలాండ్. ఇంగ్లండులోని మెయిడెన్‌హెడ్‌లో మైక్ హ్యూలాండ్ 1957లో మొదలుపెట్టాడు. తొలి గేరుబాక్సులకు ఆయన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కేసింగ్‌నే వాడాడు, అదీ తలకిందులుగా! బీటిల్‌లో ఇంజను వెనక ఇరుసుకు వెనకాల ఉంటుంది. రేసు కారులో ఇరుసుకు ముందు. అందుకని ఇంజనుతో సహా ఉన్నదున్నట్టు తిప్పి పెడితే చక్రాలు వెనక్కి తిరుగుతాయి. బాక్సును తలకిందులు చేస్తే లెక్క సరిపోయింది. మన ఆటోనగర్ బుర్ర కూడా ఇలాగే పనిచేస్తుంది కదా అనిపించింది నాకు.

ఇంట్లో కారుకి గేరు మార్చేటప్పుడు రెండు భాగాల వేగాన్ని ముందు సమానం చేసే రింగులుంటాయి. రేసు బాక్సుల్లో సాధారణంగా అవి ఉండవు. గేరు పక్కన కొమ్ముల్లాంటి గట్టి పళ్లుంటాయి, వాటిని 'డాగ్స్' అంటారు. జరిగే రింగు వెళ్లి వాటిని టక్కున పట్టుకుంటుంది. గేరు కొట్టినట్టే వేయాలి. మెల్లగా నెడితే కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. అరిగాక ఫుల్ యాక్సిలరేటర్ మీద ఉండగా గేరు జారుతుంది. ఇంజను మీద బరువు పోయి అది ఒక్కసారిగా హద్దు దాటి తిరిగితే, లోపల వాల్వులూ పిస్టన్లూ ఢీకొనవచ్చు.

విప్పే పని ఆయిల్ దింపడంతో మొదలు. డ్రెయిన్ ప్లగ్‌కున్న అయస్కాంతం చూస్తే సగం కథ తెలుస్తుంది. బూడిదరంగు మెత్తని పేస్టు అంటుకుంటే అది మామూలు అరుగుదల. ఇనుప పెచ్చు దొరికిందా, అది ఎక్కడ ఊడిందో తేలేదాకా బిగించకూడదు.

హ్యూలాండ్ రకం బాక్సుల్లో వెనక మూత తీస్తే చాలు, కారులోంచి బాక్సు దించకుండానే గేర్లు బయటికొస్తాయి. ట్రాక్‌ని బట్టి గేర్లు మార్చుకోడానికే ఈ ఏర్పాటు. ప్రతి గేరు మీదా పళ్ల లెక్క చెక్కి ఉంటుంది. 17:31 అంటే తిప్పేదానికి 17, తిరిగేదానికి 31. తీసినవి తీసిన వరసలోనే శుభ్రమైన గుడ్డ మీద పరవాలి, ఏ ముఖం ఎటుందో కూడా గుర్తుండాలి. తర్వాత ఒక్కో కొమ్మునూ గోటితో తడిమి చూస్తారు. అంచు గోరుకు పట్టాలి.

బేరింగులు కూర్చోబెట్టడానికి సుత్తి ఎత్తకండి. కేసింగ్‌ని వేడి చేస్తే అది కాస్త వ్యాకోచించి, బేరింగ్ దానంతటదే దిగుతుంది. క్రౌన్, పినియన్ మాత్రం జంటగానే మార్చాలి. పళ్లకు రంగు రాసి తిప్పితే ఎక్కడ ఆనుతున్నాయో కనిపిస్తుంది. మధ్య సందు ఎంతుండాలో తయారీదారు చెప్పిన కొలతే ఖాయం, దాన్ని డయల్ గేజ్‌తో చూస్తారు.

ఇక ఓనర్ పక్కనే నిలబడి "ఇంకొక్క రేసుకి ఆగుతుందిలే భాయ్" అంటాడు. కొత్త డాగ్ రింగుకి డబ్బులవుతాయి మరి. అరిగిన రింగుకి వెల్డింగ్ పెట్టి నెట్టుకొద్దామంటే ఇక్కడ కుదరదు.

చివర్న సెలెక్టర్ ఫోర్కులు సెట్ చేస్తారు. న్యూట్రల్‌లో రింగు రెండు గేర్ల నడుమ సరిగ్గా నిలవాలి. ఏదో ఒకవైపు ఆని ఉంటే ఫోర్కు రాసుకుని వేడెక్కి రంగు మారుతుంది. ఒకేసారి రెండు గేర్లు పడకుండా అడ్డుకునే లాక్‌నూ పరీక్షించాలి. అది పనిచేయక రెండూ పడితే షాఫ్టులు బిగుసుకుపోతాయి, వెనక చక్రాలు ఆ వేగంలోనే ఆగిపోతాయి. అందుకే ఆయిల్ పోసేముందు షాఫ్టును చేత్తో తిప్పుతూ ఒక్కో గేరూ వేసి చూస్తారు. ఎక్కడైనా చేతికి బరువు తగిలిందంటే మూత మళ్లీ తీయాల్సిందే.