పాత కారుకు అరువు భాగములు

ఎలమంచిలి ప్రాంతము గుండా విశాఖపట్నము పోవు జాతీయ రహదారిపై ఒకప్పుడు అంబాసిడర్ కారు సర్వసాధారణ దృశ్యము. ఆ కారు నిర్మాణము 2014లో ఆగిపోయినది. దానిని ఇప్పటికిని ముచ్చటపడి నడుపుకొనువారు కలరు. కొత్త విడిభాగము దొరకనప్పుడు వీరు మూలనపడిన మరియొక కారునుండి భాగము విప్పి తెచ్చుకొందురు. తమవద్ద మిగిలినదానిని ఇతరులకిత్తురు. ఒకరి ఇంజనులోని భాగము మరియొకరి ఇంజనులో ఎట్లు అమరును? అమరినంతమాత్రమున సరిగా పనిచేయునా?

మొదటి ప్రశ్నకు 1908లో ఇంగ్లండునందు చక్కని పరీక్ష జరిగినది. బ్రూక్‌లాండ్స్ అనుచోట మూడు కాడిలాక్ కార్లను విప్పి, భాగములను కలగలిపి, ఆకురాయి పట్టకుండ తిరిగి మూడు కార్లుగా బిగించిరి. అవి 500 మైళ్లు పరుగెత్తినవి. ప్రతి భాగమును నిర్ణీత కొలతకు అతిస్వల్పమైన తేడాలోపల తయారుచేయుటయే ఇందలి కిటుకు.

అంబాసిడర్‌లో చిరకాలము వాడిన పెట్రోలు ఇంజను బ్రిటిషు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారులోనిదే. సిలిండరు వ్యాసము 73.025 మిల్లీమీటర్లు, పిస్టను నడక 88.9 మి.మీ. సిలిండర్లు నాలుగు, విద్యార్థులు లెక్కకట్టి చూచినచో 1489 ఘన సెంటీమీటర్లు వచ్చును. ఈ అంకెలు వింతగా తోచినచో అంగుళములలోనికి మార్చుడు: 2⅞, 3½! అంగుళములలో పుట్టిన యంత్రమిది. 1990లనుండి కొన్ని అంబాసిడర్లకు అమర్చిన ఇసుజు ఇంజను మెట్రిక్ కొలతలది. చిక్కు ఇక్కడనే వచ్చును. 5/16 అంగుళపు బోల్టు లావు 7.94 మి.మీ.; దానిని పోలిన మెట్రిక్ బోల్టు లావు 8 మి.మీ. కంటికి రెండును ఒకటే. కాని పాత ఇంజను బోల్టుకు మరచుట్ల నడుమ దూరము 1.06 మి.మీ., రెండవదానికి 1.25. ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టివేయును. బలవంతము చేసినచో ఇంజను దిమ్మలోని మర తెగును. బోల్టు కొన్ని రూపాయలకు దొరకును. దిమ్మ దొరకుట కష్టము.

రెండవ ప్రశ్న ఇంతకన్న క్లిష్టమైనది. వాడుకలో కొన్ని భాగములు తమ జతతో కలిసి అరుగును. డైనమో, నీటిపంపు, డిస్ట్రిబ్యూటరు మూత వంటివాటికి ఈ బాధ లేదు; ఒకే నమూనావైనచో నిస్సంకోచముగా మార్చుకొనవచ్చును. ట్యాపెట్లు అట్లు కావు. ఒక క్యాంషాఫ్టుపై అరిగినదానిని వేరొకదానిపై పెట్టిన రెండును త్వరలో చెడును. కనెక్టింగు రాడ్డును, దాని మూతను కలిపి బిగించి ఒకేసారి కంత తొలుతురు. ఒకదాని మూతను మరియొకదానికి వేసిన కంత గుండ్రముగా నుండదు. నూనెపొర తెగి లోహము లోహమును కొరుకును.

ఇక పిస్టను. అరిగిన సిలిండరును తొలిపించి, అంగుళములో వెయ్యవవంతులు 20 గాని 40 గాని అధికముగల పిస్టనును వేయుట వాడుక. కావున అరువు పిస్టనును మైక్రోమీటరుతో కొలువక వేయరాదు. వేడిమి 100 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగినచో 73 మి.మీ. అల్యూమినియము పిస్టను వ్యాసము సుమారు 0.17 మి.మీ. పెరుగును, పోతఇనుప సిలిండరుది 0.08 మాత్రమే. పైగా పిస్టను సిలిండరుకన్న ఎక్కువ వేడెక్కును. షెడ్డులో సులువుగా జారిన పిస్టను రహదారిపై కొన్ని మైళ్లు పోయిన పిదప బిగుసుకొనుట ఇందువలననే.

సిలిండరు హెడ్డు క్రింది గాస్కెట్టు మాత్రము ఎవరినుండియు తెచ్చుకొనదగినది కాదు. ఒక ఇంజనులో ఒకమారు నలిగినది మరియొక ఇంజనులో మరల అట్లు నలిగి సందులు మూయజాలదు.