నిమ్మలకుంట (ధర్మవరం మండలం)

నిమ్మలకుంట, శ్రీ సత్యసాయి జిల్లా, ధర్మవరం మండలమునకు చెందిన గ్రామము. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడుటకు పూర్వము ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. వర్షాభావ ప్రాంతములోని ఈ చిన్న ఊరు తోలుబొమ్మలకు ప్రసిద్ధి.

తోలుబొమ్మలు

మేకతోలును శుభ్రపరచి, పలుచన చేసి, బొమ్మ గీసి, ఉలితో రంధ్రములు కొట్టి రంగులు అద్దుతారు. తెర వెనుక దీపము వెలిగించినపుడు ఈ రంధ్రములే నగల వలె మెరుస్తాయి. పూర్వము కళాకారులు ఊరూరా తిరిగి రామాయణ, భారత కథలను రాత్రంతా ఆడేవారు.

నేటి స్థితి

సినిమా, టెలివిజన్ల రాకతో ప్రదర్శనలు తగ్గినవి. పలు కుటుంబములు అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు, గోడ అలంకరణలు చేసి జీవిస్తున్నాయి. గ్రామమునకు చెందిన కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటించబడినది. బొమ్మను చేసే నేర్పు నిలిచినది. దానిని ఆడించే పాట, మాట తరువాతి తరమునకు అందవలసి ఉన్నది.