వృషణము మెలిపడినపుడు

పదునాలుగేండ్ల బాలుడు అర్ధరాత్రివేళ కడుపునొప్పి యని లేచి, రెండుమారులు వాంతి చేసికొన్నాడనుకొందము. తిన్నది అరగలేదని ఇంటివారు వాము నమలింతురు, తెల్లవారనిమ్మందురు. నొప్పి నిజముగా ఎక్కడ నున్నదో బాలుడు సిగ్గుచే చెప్పడు. ఇది అరకులోనైనను విశాఖపట్టణములోనైనను జరుగునదే. కాని కొండలలో ఈ జాగువలన కలుగు నష్టము హెచ్చు.

వృషణము తిత్తిలో త్రాడువంటి కట్టకు వ్రేలాడుచుండును. దానికి రక్తము తెచ్చు నాళములు ఆ కట్టలోనే యున్నవి. కొందరిలో పుట్టుకతోనే వృషణము చుట్టునున్న పొరకు సరిగా అంటక, గంటలోని నాలుకవలె ఊగుచుండును. అట్టివారికి నిద్రలోనే అది తిరిగి, త్రాడు మెలిపడవచ్చును. మొదట సిరలు మూసికొనును. రక్తము వెలుపలికి పోజాలక వృషణము వాచును. మెలిక బిగిసినకొలది ధమనియు మూసికొనును. ఆపైన కణజాలము చచ్చుట మొదలిడును. 12 మొదలు 18 ఏండ్లవారిలోను, నవజాత శిశువులలోను ఇది హెచ్చు.

నొప్పి పుట్టిన 6 గంటలలోపల మెలిక విప్పినచో నూటికి 90 మందికి పైగా వృషణము దక్కును. 24 గంటలు దాటినచో దక్కుట అరుదు.

ఇక కొండదారి లెక్క చూడుడు. అనంతగిరి మండలములోని కొన్ని గూడెములకు నేటికిని బండి పోదు. రోగిని కఱ్ఱకు కట్టిన గుడ్డలో పడుకోబెట్టి, డోలీగా భుజములపై మోసి రోడ్డు చేర్చవలెను. 2005లో రాష్ట్రమున మొదలైన 108 వాహనము అందుకొనునది అక్కడనే. అరకునుండి విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రికి ఘాట్ రోడ్డుపై సుమారు 115 కిలోమీటర్లు. మూడు గంటలకు పైగా పట్టును. ఆరింటిలో సగము దారికే చెల్లినది! ఇంటిలో పసరు పూసి, కాపడము పెట్టి గడపిన గంటలు ఏ బండియు తిరిగి తేజాలదు. కాపడముతో మెలిక విడదు.

కనుక మొదట చూచిన ఆరోగ్య కార్యకర్త చేయవలసినది రోగిని పంపుటయే. శస్త్రవైద్యుడును, మత్తుమందు వైద్యుడును ఆ వేళ ఏ ఆసుపత్రిలో నున్నారో ముందే ఫోనులో కనుగొనవలెను. మత్తు ఈయవలసి యుండును గనుక నోటికి ఏమియు పెట్టరాదు. మెలిపడిన వృషణము తఱచు పైకి లాగుకొని, అడ్డముగా నుండును. తొడ లోపలివైపు గీచినపుడు సహజముగా పైకి లేవవలసినది లేవదు. డాప్లర్ పరీక్షలో రక్తప్రవాహము తెలియును గాని, దానికై కాలము పోగొట్టరాదు. జ్వరముతో, మూత్రపు మంటతో మెల్లగా వచ్చు వాపు వేఱు. సందేహమున్నచో మెలికయే యని యెంచవలెను.

దారి దూరమైనచో, తెలిసిన వైద్యుడు చేతితోనే మెలిక విప్ప యత్నింపవచ్చును. పుస్తకము తెఱచునట్లు వృషణమును లోపలినుండి వెలుపలికి త్రిప్పుదురు. సుమారు మూడింట ఒకవంతు మందిలో మెలిక ఎదురు దిశలో నుండును. నొప్పి హెచ్చినచో ఆపవలెను. ఇంటివారు దీనికి పూనుకొనరాదు. నొప్పి చటుక్కున తగ్గినను ప్రయాణము మానరాదు. మెలిక మరల పడవచ్చును.

శస్త్రచికిత్సలో త్రాడు విప్పి, వృషణమును కుట్లతో నిలుపుదురు. లోపము తఱచు రెండువైపుల నుండును గనుక రెండవదానిని గూడ కుట్టుదురు. చచ్చినదానిని తీసివేయుదురు. మిగిలిన ఒక్కదానితోడనే సంతానము కలుగవచ్చును. ఈ మాట తల్లిదండ్రులకు ఆపరేషనుకు ముందే చెప్పుట మంచిది.